దారి ఇచ్చిన లారీ

ముద్దనూరు దాటినాక నాపరాళ్ల లారీని
నడిరోడ్డున ఆపినాడు దస్తగిరి.
ఎదురుగా ఊసరవెల్లి.
ఒక అడుగు ఎత్తి, ఊగి,
దించాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తా ఉంది.

"తొండ ముదిరిందిలే, పోనీన్నా"
అన్నాడు క్లీనర్ ఓబులేసు.

తొండైతే ఈపాటికి కంపలో దూరి
గొంతు ఎర్రగా చేసుకోని
మనకే తలూపుతా ఉండు.
బల్లయితే తోక మన మొగాన పారేసి
పానం మటుకు గోడెక్కించుకుండు.
ఉడుమైతే బండసందులో పట్టు బిగించుండు, గునపానికి గూడా రాదు.
దీనికి పరుగు లేదురా. తెంపుకునే తోకా లేదు.
కాళ్లు చూడు, పట్టకార్లు.
కొమ్మకు చేసినవి, తారుకు కాదు.
ఒక కన్ను మన టైరు మీద,
ఇంకోటి అవతలి తుమ్మ మీద.

"మరి రంగులు మారుస్తాదంటారే?"

అంతలోనే ఒంటి పచ్చ మసిబారింది.

అది రోడ్డు రంగు కాదబ్బీ.
మొన్న కాటా కాడ
లోడెంతని ఆఫీసరు అడిగినప్పుడు
నీ మొగాన చూసినా ఈ రంగు.

ఓబులేసు దిగి, ఎండలో
లారీకి ముందు నిలబడినాడు.
వెనక బస్సు ఒకటే హారన్.

తుమ్మకొమ్మ అందినాక
మళ్లా పచ్చబడిందో లేదో
చూడనీలేదు బస్సు.