కింద

"కింద బాగోలేదు డాక్టరుగారూ" అంది.

నాది కొండల జిల్లా. సముద్రానికి కొత్త.
ఈ అరోసా తీరంలో కింద అంటే రేవు,
కింద అంటే బురద, ఆలిచిప్పల మడులు,
ఆటుకి ఆడవాళ్ళు గోకుడుకర్రలతో దిగే చోటు.
వచ్చిన మొదటి వారంలోనే నేర్చుకున్నాను,
కాస్త గర్వంగా కూడా ఉండేది.
"చలి ఎక్కువైందా?" అని అడిగాను.
ఆమె నా బల్ల మీది స్టాప్లర్ వంక చూసి
"ఆ, చలీ ఉంది" అంది.
మోకాళ్ళకి మాత్ర రాశాను.

దోసింద. యాభై ఎనిమిదేళ్ళు.
ఉప్పులో ఊరిన చేతులు.

రెండోసారి వచ్చి
"కింద తడి ఆగట్లేదు" అంది.
నేను కిటికీలోంచి వాన చూశాను.
నవంబరు కదా,
పై నెల తెరిపి ఇస్తుందేమో అన్నాను.
పెద్దమనిషి, నా మాట తీసెయ్యలేక
ఇస్తుందేమో అంది తనూ.
బీపీ చూశాను. బాగుంది. బాగుందని రాశాను.

మూడోసారి కుర్చీ అంచున కూర్చుంది,
బ్యాగు ఒళ్ళో, బ్యాగు మీద రెండు చేతులూ.
"కింద..." అని ఆగింది.
సాయం చేద్దామని
"ఆటుపోట్లు సర్దుకుంటే అదే సర్దుకుంటుందిలెండి" అన్నాను.

అప్పుడు నవ్వింది.
పొట్ట పట్టుకుని,
నా తెలివితక్కువతనం మొత్తానికీ ఒకేసారి నవ్వింది.
నవ్వుతూ నవ్వుతూ ఠక్కున ఆగింది.
కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది.
మొహం మీద నవ్వు అలాగే ఉంది గానీ
అందులో మనిషి లేదు.

గోడ గడియారానికి అంత చప్పుడుందని
అప్పటిదాకా తెలీదు నాకు.

ఆరేళ్ళు చదివాను. శవాన్ని కోశాను.
అక్కడి కండరాల పేర్లన్నీ లాటిన్‌లో అప్పజెప్పగలను.
ఎదురుగా ఉన్న మనిషిని అడగడానికి
నాలుక మీద ఒక్క మాట లేదు.
కీబోర్డు మీంచి చేతులు తీసి
ఒళ్ళో పెట్టుకున్నాను, ఆమెలాగే.

"ఎన్నాళ్ళుగా?"
"మూడో పిల్ల పుట్టినప్పట్నుంచి."
"పిల్లకెన్నేళ్ళు?"
"ముప్పై ఒకటి. బిల్బావోలో బస్సు నడుపుతుంది."

నడుంలోతు నీళ్ళలో ఏ బాధా లేదట.
అందరూ తడిసే ఉంటారు,
ఎవరి తడి ఎవరిదని సముద్రం అడగదు.
కష్టమంతా పొడినేల మీదేనట.
చర్చిలో తలుపు పక్క బెంచీ.
పెళ్ళిళ్ళకి నల్ల లంగా.
తుమ్మొస్తే గోడ.
తంబురీన్ బృందం మానేసి పదేళ్ళు,
పాటలకి భయపడి కాదు,
పాటకీ పాటకీ మధ్య జోకులకి భయపడి.
మరి మొగుడికి?
"నడుంనొప్పని చెప్పాను."
ఇరవై ఏళ్ళుగా ఆయన నొప్పి పట్టీలు కొనితెస్తున్నాడట.
డ్రాయరు మూత పడట్లేదట.

నేను టైపు చేశాను.
"ఏం రాశావ్?"
మొదటిసారి నన్ను నువ్వంది.
తెర ఆమె వైపు తిప్పాను.
కళ్ళద్దాలు వెతికి పెట్టుకుని కూడబలుక్కుంది,
మధ్యలో ఒకసారి తప్పి, మళ్ళీ మొదట్నుంచి.
"ఇంత పొడుగు పేరుందా దీనికి?"
"ఉంది."
"పేరు పెట్టారంటే
నా ఒక్కదాని కోసం పెట్టి ఉండరులే."

ఫిజియోథెరపిస్టు పొంతెవెద్రాలో ఉంది,
వరుస నాలుగు నెలలు.
అందాకా చెయ్యాల్సిన వ్యాయామం చెప్పబోయి
ఏది బిగించాలో, ఎక్కడ బిగించాలో
మళ్ళీ అక్కడే తడబడ్డాను.
నర్సు ఒదిలా తలుపు దగ్గర్నుంచే అనేసింది
ఊరి మాటలో, రెండక్షరాల్లో.
ఇద్దరూ నవ్వారు. దోసింద జాగ్రత్తగా నవ్వింది.
ఆ మాట ఇక్కడ రాయను.
అది వాళ్ళది, నాకు అరువిచ్చారంతే.

వెళ్ళేముందు కుర్చీ తుడుస్తానని గుడ్డ అడిగింది.
ఒదిలా ఇవ్వలేదు.

మంగళవారం ఆటు పదకొండింటికి.
మధ్యాహ్నం బూట్ల నిండా బురదతో
ముగ్గురొచ్చి వరసగా కూర్చున్నారు బయట.
మొదటామె లోపలికొచ్చి
స్టాప్లర్ వంక చూస్తూ
మోకాలు, అంది.

నా కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాను.
"సరే, మోకాలే.
నవ్వినప్పుడు కూడానా?"