పూచీ

బిల్టీ పుస్తకం ఇంకా నా దగ్గరనే ఉంది.
కార్బన్ కింద పడ్డ మూడో కాపీ,
అంచుల ఛాయ్ మరక.
నంబరు నాలుగువేల నాలుగువందల పదిహేడు.
సరుకు: జంఖానాలు, పదకొండు కట్టలు.
వరంగల్ నుంచి నాగపూర్.
కింద నేను కొట్టిన రబ్బరు ముద్ర:
"సరుకు యజమాని పూచీ మీద."

ఇరవై రెండేండ్లు కొట్టిన ఆ ముద్ర.
ఒక్కనాడు గూడ చదవలే.

కొత్తవాడ నుంచి రిక్షాల తెచ్చింది
ఎలిగేటి సుశీల.
కట్టకట్టకూ పురికొస బిగువు గుంజి చూసి
కొమ్మాలు వీపుకెత్తింది.
మా లారీ కరీంనగర్ దాక.
ఆడికెల్లి ఇంకో కంపెనీ, మంచిర్యాల మీదుగ ఆసిఫాబాద్.
ఆ తర్వాత ఎవలిదో బండి,
తలుపు మీద పేరు గూడ చెరిగిపోయింది.
కిరాయి మాత్రం మొత్తం మేమే తీసుకున్నం,
ముందుగాల, నగదుగ.

నాగపూర్ దుకాణంల విప్పితే
ఎరుపు తెలుపులకు పారింది.
నెమళ్ళ మెడలు గులాబి నీళ్ళు తాగినయి.
నాలుగు కట్టలు పూర్తిగ పాయె,
మిగిలినయి ముక్కవాసన.

ఫోన్లు మొదలైనయి.
చివరి బండాయన: నాకందినప్పుడే బరువున్నయి, తడి బరువు.
నడిమి కంపెనీ: మా గోదాముల చుక్క పడలే.
మా యాకూబ్: నేను దింపిన్నాడు
కరీంనగర్ల ఎండ నెత్తి పగలగొడుతున్నది,
ఎవల్నన్న అడుగుండ్రి.
ఎండను సాక్షికి పిలుస్తరా?
వాన ఏ కాగితం మీదా సంతకం పెట్టదు.

హన్మకొండల విచారణ.
మా సేటు వకీలు ముద్ర మీద వేలు పెట్టిండు.
సుశీలకు వకీలు లేడు.
పాడైన జంఖానా తెచ్చి
బల్ల మీద పరిచింది, ఫైళ్ళన్నీ దాని కింద పడ్డయి.

"సారూ, రంగు ఒక ఇంట్ల అద్దుతరు.
ఆసు ఇంకో ఇంట్ల పోస్తరు.
నేత మా ఇంట్ల.
కొన్నామె వచ్చి రంగు దిగిందంటే
రంగులాయన ఇల్లు ఎటో చూపియ్య.
పైసలు పట్టింది నా చెయ్యి,
ఆమెకు జవాబు నేనే చెప్త.
రంగులాయనతోని
పొద్దుగూకినంక నేను కొట్లాడుకుంట."

పెద్దసారు చాలాసేపు
నెమలి దిక్కే చూసిండు.
అడిగింది ఒక్కటే:
"ఈ బిల్టీ ఎవరిచ్చిన్రు?"

సేటు కట్టిండు.
ఇప్పుడు కరీంనగర్ మీద ఆయన కేసేసిండు,
వాళ్ళు ఆసిఫాబాద్ మీద వేస్తరట.
పేరు చెరిగిన బండిని
ఇంకా ఎతుకుతున్నరు.

నన్నెవ్వలూ అడగని ముచ్చట ఒకటున్నది.

లారీలు మూడు మారినయి గని
తాటిపత్రి మారలే.
మా ఆఫీసుదే, కట్టలతోటే నాగపూర్ దాక పోయింది.
ఆ పొద్దు కొమ్మాలు దాని బొక్కల వేలు దూర్చి
నా మొఖం ముంగట ఆడిచ్చి నవ్విండు.
"సారూ, రూపాయి బిళ్లంత మొగులు కనబడ్తున్నది."
నేనూ నవ్విన.
"కప్పిన తాటిపత్రి" అన్న గడిల
"బాగున్నది" అని రాసిన,
గుండ్రటి అక్షరాలు,
మూడు కాపీలల్ల అచ్చు దిగేటట్టు
ఒత్తి మరీ రాసిన.

ఇప్పుడు ప్రతి బండి కింద నిలబడి
తల పైకెత్తి చూస్త.
హమాలీలు నవ్వుతరు.
మెడ నొస్తది.
ముద్ర సొరుగుల పండుకున్నది,
ఇంకుప్యాడు ఎండిపోయింది.