పొర

ఎర్రగుంట్ల గనిలో
ఉలి ఆనించి మెల్లగా తట్టినాడు హుసేనప్ప.
బండ నోరు తెరిచింది.
ఈ పలక మీది తెల్లచార
ఆ పలక మీదా ఉంది, కుడి ఎడమై.

ఏది దేనికి అద్దమప్పా, అన్నాను.
"ఇందాక దీనికి ముఖమే లేదు గదా."
ఆరిపోయిన బీడీ మళ్లీ ముట్టించుకున్నాడు.

నేనొచ్చింది జేజి గోరీకి బండ కోసం.
దూదేకిన చేత్తోనే తస్బీ తిప్పేది.
ఒకటి, ఒకటి, ఒకటి...
పూస జరిగినా లెక్క జరిగేది కాదు.
రెండు రాదా జేజీ అంటే
"యాడుందో చూపీరా, అంటాను" అని
నా చెవి మెలేసేది.

"పేరేం చెక్కాల?"
చెంబుడు నీళ్లు పోసినాడు.
నల్లటి బండలోకి ఆకాశం దిగింది,
నా మొహమూ, ఆయన తలగుడ్డా
ఒకదాన్లో ఒకటి తడిసి.
ఏప్రిల్ ఎండ.
నేను నోరు తెరిచేలోగా
అన్నీ ఆరిపోయినాయి.

పేరొద్దన్నాను.

ఒక పలక నా ఆటో ఎక్కింది.
రెండోది ప్రొద్దుటూరులో ఎవరో దస్తగిరమ్మ
వంటగట్టుకంట.
రేపు దాని మీద ఆమె
కాలే సంగటి గిన్నె దించుతాది.
జేజీ,
నీకు వెచ్చగా తగిలితే
ఉలిక్కిపడొద్దు.