సోమవారం దుమ్ము

సోమవారం పొద్దున్నే,
పొద్దు అని మాటవరసకి అంటున్నాను గానీ
జనవరిలో మా కోత్కా రేవుకి తొమ్మిదిన్నర దాకా చీకటే,
లైబ్రరీ తలుపు తీసి
ముందు పుస్తకాల వైపు వెళ్లను.
వెనక గదిలో నా కోసం
శని ఆదివారాల్లో తిరిగొచ్చిన సామాన్లు కాచుకుని ఉంటాయి.
రెండు డ్రిల్లు మిషన్లు, ఒక నిచ్చెన,
గోడలో చెమ్మ కొలిచే బుల్లి పెట్టె,
మూత పోగొట్టుకుని తలొంచుకున్న మిక్సీ.

ఎరువు సొమ్ము బరువు చేటు,
అందులో ఒకటి పోతే అప్పుల చేటు.
నిజమే. మూత వెతకాలి.

పుస్తకం తిరిగొస్తే
పేజీల మధ్య బస్సు టికెట్టో ఎండిన ఆకో దొరుకుతుంది.
డ్రిల్లు తిరిగొస్తే దుమ్ము.
ఇరవై రెండేళ్లు పుస్తకాలు చదివాను,
ఇప్పుడు దుమ్ము చదువుతున్నాను.
ఎర్రగా ఉంటే రేవు వెనక పాత ఇటుక ఇళ్లది.
తెల్లగా వేళ్ల సందున జారిపోతే కొత్త అపార్ట్‌మెంట్లది.
లేత నీలం పెచ్చు ఒకటి తగిలిందా,
ఎవరింట్లోనో పసివాడికి గది వచ్చినట్టు.
భూర్జ చెక్క పొట్టుని మాత్రం
వాసన చూడకుండా పారెయ్యను.

కుట్టుమిషను సంగతి వేరు.
అది గడువు దాటి తొమ్మిది రోజులు.
తీసుకెళ్లింది టావునో అని,
ముప్పై ఏళ్లు రేవులో క్రేను నడిపిన మనిషి.
ఒక్కో అరచెయ్యి చేటంత.

వరసలో తర్వాతి పేరు మినేయా.
ఫిబ్రవరిలో వాళ్ల బళ్లో నాట్యాల రోజు.
పై తరగతి వాళ్లు పరీక్షలకని వెళ్లిపోతే
మర్నాటి నుంచి బడికి వీళ్లే పెద్దలు,
నేల ఊడ్చే గౌన్లేసుకుని నాట్యం చెయ్యాలి.
రోజూ బడి వదలగానే వచ్చి
నా బల్ల ముందు నిలబడేది.
అడిగేది కాదు. నిలబడేది.
చంకలో సంచి, సంచిలో ఇంకా గౌను కాని ఆకుపచ్చ పట్టు.

టావునోకి రెండు మెసేజీలు పెట్టాను,
మూడోసారి ఫోను.
"అయిపోవచ్చింది" అన్నాడు. అంతే.

పదో రోజు వచ్చాడు.
ఒక చేతిలో మిషను, రెండో చేతిలో గొలుసు,
గొలుసు చివర ముసలి కుక్క,
కుక్క ఒంటి మీద పసుపుపచ్చ కోటు!
తన రేవు డ్యూటీ జాకెట్టు విప్పి కుట్టాడు,
మెరిసే పట్టీలతో సహా.
వీపు మీద కంపెనీ పేరు సగం మిగిలింది.
"దీనికి చూపు పోయింది,
చీకట్లో కార్లవాళ్లకి ఇదన్నా కనపడాలి కదా."

జరిమానా ఎంతో స్క్రీను చెబుతూనే ఉంది.
నేను వినలేదు.
పిల్ల అప్పటికే సంచి విప్పేసింది,
దినపత్రికల బల్ల మీదే,
అక్కడ చదువుకుంటున్న పెద్దాయన
కళ్లద్దాల మీదుగా నన్నోసారి చూసి
కుర్చీ జరుపుకున్నాడు.

సూదికి దారం ఎక్కించడం ఆమెకి రాదు.
క్రేను చేతులు చూపించాయి,
ఈ కొక్కెం కింద నుంచి, ఆ కొక్కెం మీదుగా,
"బరువు గాల్లో ఉన్నప్పుడు తొందరపడకూడదు."
బాబిన్లో పసుపు దారం ఇంకా సగముంది.
తియ్యబోయాడు.
"ఉండనీండి, పైకి కనపడదుగా" అంది.
నేను ఆమె గొంతు వినడం అదే మొదలు.

ఈ సోమవారం మిషను వెనక్కొచ్చింది.
అడుగు పళ్లెం విప్పితే
ఆకుపచ్చ నూగు, దాని కింద పసుపు,
ఇంకా కింద ఒక తెల్ల కుక్కవెంట్రుక.
బ్రష్షుతో దులిపాను.
రిజిస్టర్లో 'స్థితి' అన్న చోట 'బాగుంది' అని రాశాను.

మా ఇంట్లో గోడగడియారం
నాలుగేళ్లుగా నేల మీదే
గోడకి జారగిలబడి టైము చెబుతోంది.
వంగి చూసుకుంటాను.
డ్రిల్లు కోసం నా పేరూ రాసుకున్నాను.
నా ముందు ఏడుగురున్నారు.