పద్దెనిమిది కావాలంట

పదకొండో రోజు. ఎడమ పక్క పద్నాలుగు మిల్లీమీటర్లు.
పగలాలంటే పద్దెనిమిది కావాలంట.
స్కాన్ చేసిన పిల్ల చీటీ మీద రాసి
పొట్ట మీది జిగురు తుడుచుకోమని దూది ఇచ్చింది.

కొలతలు నాకు కొత్తేం కాదు.
చిత్తూరులో మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో
తోతాపురి రసం ఒక్క చుక్క గాజు మీద వేసి
తీపి ఎంతుండాదో చదివేది నేనే.
పద్నాలుగైతే లోపలికి.
పన్నెండైతే మళ్ళా మాగబెట్టే గదికి.

సీజన్ రెండు నెలలూ రాత్రంతా లారీలే.
కాయ ఆగదు, మేమూ పండుకోలేము.
పదింటికి దొరస్వామి కాఫీ ఒకటి,
పన్నెండుకి ఒకటి,
గేటు కాడ హారన్ మోగితే ఒకటి,
తెల్లారుజామున డికాషన్ అడుగున మిగిలింది
"నీకే తీసిపెట్టినా మే" అని ఇంకొకటి.

డాక్టర్ శశిరేఖమ్మ లెక్క అడిగింది.
రెండు తగ్గించి చెప్పినా.
"కాఫీలో సత్తువ రక్తంలో తిరిగి
గుడ్డు మునిగుండే నీళ్ళలోకీ చేరుతుంది.
ఎలుకల్లో చూస్తే గుడ్డు సరిగ్గా పక్వానికి రాలేదన్నారు.
మనుషుల్లోనా? కొందరు అవునంటారు, కొందరు కాదంటారు.
నాకూ తెలీదమ్మా. రెండు గ్లాసులకి ఆపు."

నాకూ తెలీదమ్మా.
నాలుగేళ్ళల్లో ఎవురూ అనని మాట.
మా అత్త కుప్పమ్మకి అన్నీ తెలుసు.

గుణశేఖరూ తాగుతాడు, నాకంటే ఎక్కువే.
ఆయన్ని ఎవురూ లెక్క అడగలేదు.

తిరుగు బస్సులో, పూతలపట్టు కాడ
ఎవురో ఫ్లాస్కు మూత తీసినారు.
నోరంతా నీళ్ళు.
అప్పుడు గుర్తొచ్చింది ఇంకోమాట:
ఈ గుడ్లన్నీ నేను మా అమ్మ కడుపులో ఉండంగానే
నాలో చేరినాయంట.
చెనిక్కాయలు పెరికే రోజుల్లో
ఆకలి చంపుకోను
అమ్మ తాగిన చికోరీ నీళ్ళు
అవీ చూసినట్టే కదా.
ఎక్కడినించి మొదలుపెట్టాల, ఈ లెక్క?

ఈ రాత్రి మూడో గ్లాసు చేతిలో పెట్టినాడు దొరస్వామి.
వేడికి పట్టుకున్నా, అంతే.
"చక్కెర చాల్లేదా మే?"
ఏం చెప్పేది ఆయనకి.

మాగే గది తలుపు కాస్త తీసి చూసినా.
లోపల చీకటి, వెచ్చగా, కాయల ఊపిరి.
నొక్కి చూడకూడదు, నలుగుతాయి.
మాటిమాటికీ తలుపూ తియ్యకూడదు, వేడి పోతుంది.

ఇదంతా కొత్తగా చేరిన పిల్లలకి
నేర్పేది నేనే.

ఎల్లుండి మళ్ళా స్కాను.
కాఫీ మీద మీగడ కట్టింది.