అక్కడక్కడా

అసరల్లి సర్కిల్ ఆఫీసు పెరట్లో
మోకాలెత్తు వానకొలత డబ్బా ఒకటి,
దానికి నేను కాపలా.
పొద్దున ఎనిమిదిన్నరకు మూత తీసి
రాత్రి కురిసింది గాజుగొట్టంలో పోసి
అంకె రాసి గడ్చిరోలికి పంపడం నా కొలువు.
ఎండాకాలమంతా నేను కొలిచేది సున్నానే.
సున్నాకు కూడా సంతకం పెట్టాలి.

గోడ మీద మబ్బుల పటం,
మరాఠీ పేర్లు, పది రకాలు, పది గళ్ళు.
పరీక్షకు చదివినట్టు చదివాను, కంఠతా వచ్చు.
బయటికొచ్చి తలెత్తితే మాత్రం
నోటికొచ్చేవి వేరే:
ఏకిన పత్తి.
బొచ్చె పొలుసులు.
పిండకుండా ఆరేసిన ధోవతి.
కమ్మరి దాగలి. అది లేస్తే
మేకలను ఇంటికి మళ్ళించాలి.
పటంలో గడికీ గడికీ నడుమ గీత ఉంది,
మొగులుకు లేదు.
పత్తి పొలుసవుతుంది, పొలుసు పొగవుతుంది,
పేరు రాసేలోపు అది ఇంకొకటి.

పోసుబాయి మిర్చి కల్లం మా గోడ అవతలే.
ఏటి ఒడ్డు నేలలో పండిన కాయ,
పన్నెండు క్వింటాళ్ళు,
చూస్తే కళ్ళు మండేంత ఎరుపు.
ఆ రోజు గోడ మీద గడ్డం ఆనించి అడిగింది:
"ఏమంటున్నదిరా నీ ఫోను?"
ఉన్నది ఉన్నట్టు చదివాను:
"తురళక్ ఠికాణీ పావూస్."
"అంటే?"
"అక్కడక్కడా వాన."
"ఏడున్నది గా ఊరు?"
నవ్వాను.
మన తాలూకాలో ఆ పేరుతో ఊరే లేదత్తా అన్నాను.
ఈ మూల నుంచి ఆ మూలకు
రెండు బస్సులు మారాల్సిన జిల్లాకు
ఒకటే మాట రాస్తారు,
మన వంతుకు ఏం రాదు, అన్నాను.
ఆమె కూడా నవ్వింది.
టార్పాలిన్ మడిచి కొట్టంలో పెట్టింది.

ముందురోజు రాత్రే చందమామకు గుడి కట్టింది,
వెడల్పుగా, చందమామకు చాలా దూరంగా.
దూరపు గుడి దగ్గరి వాన.
చూశాను.
చూసి పడుకున్నాను.
గుడికి రిజిస్టర్లో గడి లేదు.

మూడింటికి కాళేశ్వరం దిక్కున
తెల్లగా గోబిపువ్వొకటి లేచింది.
నాలుగింటికి దాని తల చదునైంది.
దాగలి.
కింద ఉండాల్సింది పైనుంది,
ఇక సమ్మెట దెబ్బలు కిందివాళ్ళకే.
గోదావరి దాటింది.
సిరోంచలో చుక్క రాల్చలేదు.
అంకీసాలో ఆరేసిన బట్టలు ఆరేసినట్టే ఉన్నాయట.
ఇరవై నిమిషాలు.
కొట్టంలోంచి టార్పాలిన్ ఈడ్చుకొస్తూ
గాలికి అది తెరచాపై, ఆమెను వెనక్కి లాగుతుంటే
అక్కడక్కడా అనే ఊరు
ఎక్కడుందో తెలిసింది నాకు.

మర్నాడు గాజుగొట్టంలో
నాలుగు పాయింటు రెండు.
బియ్యపుగింజ పొడుగు కూడా లేదు.
రాసి పంపాను.
గోడ అవతల ఎరుపు మెల్లగా తెల్లబోతోంది,
కాయ కాయా తాలవుతోంది.
తాలును కొలిచే గొట్టం సర్కారు ఇవ్వలేదు.
ఆమె కూర్చుని ఏరుతూనే ఉంది,
మంచిది ఇటు, చెడ్డది అటు,
నా పేరు ఒక్కసారీ ఎత్తకుండా.
నాలుగు రోజులు
ఆ గోడ వైపు కిటికీ తెరవలేదు నేను.

ఐదో రోజు మళ్ళీ అదే గొంతు:
"ఏమంటున్నదిరా నీ ఫోను?"
తీశాను. చదివాను.
అదే మాట. తురళక్ ఠికాణీ.
ఈసారి ఊరెక్కడని ఆమె అడగలేదు.
గోడ దూకి అటు పోయాను.
ఇద్దరం కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టి
పడమర చూశాం చాలాసేపు.
ఏకిన పత్తి, పల్చగా, ఎంతో ఎత్తున,
ఎవరి పనో ఉన్నట్టు పోతోంది.
"ఏమో" అన్నది.
"ఏమో" అన్నాను,
చెప్పడానికే జీతం తినేవాణ్ణి.
అని,
టార్పాలిన్ నాలుగు మూలలకూ
రాళ్ళు వెతకబోయాను.