ఏడో నంబరు ఎగరేశారట

లారీ డ్రైవరు ఫోన్ చేసి చెప్పాడు,
రేవులో ఏడో నంబరు ఎగరేశారట.
గుంటూరులో మాత్రం ఎండ.
యార్డు వెనక రోడ్డు మీద
ఎప్పటిలాగే వచ్చేపోయేవాళ్ళందరికీ ఒకటే తుమ్ము.
సముద్రం ఇక్కణ్ణించి కనపడదు, వినపడదు,
అయినా నా బల్ల మీది కాగితాల నిండా
దాని ఉప్పే.

పదకొండు కంటైనర్లు.
నాలుగు గేటు దాటాయి.
రెండు ఒంగోలు దగ్గర టీ తాగుతున్నాయి.
మిగతా ఐదింటి బస్తాలకి ఇంకా కుట్టు పడలేదు.

పోయిన గాలివానప్పుడు
మాకన్నీ తెలుసనుకున్నాం.
క్రేన్లు నిలబడ్డాయి, గోడ నిలబడింది,
జనరేటరు మాత్రం నేల మీదుంది, మోకాటి లోతు నీళ్ళలో.
ఒకే గది, ఒకే తాళంచెవి, అది ఒకే మనిషి జేబులో,
ఆ మనిషేమో చెల్లెలి ఊళ్ళో, పొంగిన వాగుకి అవతల.
పంతొమ్మిది రోజులు ఓడ కదల్లేదు.
పెట్టెల్లో తేజా కాయ బూజు పట్టి
పాత గోడకి సున్నం పొంగినట్టు తేలింది.
తొడిమలు తీసే మస్తానమ్మ పోగొట్టుకున్న పంతొమ్మిది కూళ్ళు
ఏ నష్టం లెక్కలోనూ ఎక్కలేదు.

ఈ వేసవిలో రేవువాళ్ళు మమ్మల్నీ పిలిచారు.
మేడ మీద గది, గోడకి పటం.
సిమెంటు గురించి చాలాసేపు మాట్లాడారు,
ఎంత ఎత్తు, ఎన్ని కోట్లు.
నా వెంట వచ్చిన హమాలీ మేస్త్రీ దరియావలి,
పేరులోనే దరియా ఉన్నవాడు,
యాభై రెండేళ్ళకి దాన్ని మొదటిసారి చూసి
కిటికీ దగ్గరే ఉండిపోయాడు.
బస్తాలు మోసి మోసి బిగిసిన మెడ,
పిలిస్తే ఒళ్ళంతా తిప్పాలి.
నువ్వేమంటావు పెద్దాయనా అని ఎవరో అడిగితే
"నెట్టు కట్టేటప్పుడు, అయ్యా,
కింది వరస పోతుందనే కడతాం.
అందుకే కింద తాలుకాయ వేస్తాం" అన్నాడు.

ఫ్యాన్ల చప్పుడు.
సిగ్నలు స్తంభం చూసే కొక్కిలిగడ్డ సూరిబాబు
చాక్‌పీసు తీసుకుని
పటం పక్కన వట్టి గోడ మీద ఒక గీత గీశాడు.
"నీళ్ళు కింద ఇంత ఎత్తున నిలిచినై."
అక్కణ్ణించి మాటలు మారాయి.
ఏది పోయినా పర్లేదు?
ఏది పోతే మర్నాడు లేవలేం?

జనరేటరు మేడెక్కింది.
తాళానికి మూడు చెవులయ్యాయి,
ఒకటి గేటు ముందు ఇడ్లీలమ్మే ఆవిడ దగ్గర.
కంప్యూటరు పడుకుంటే రాసుకోడానికి
ఒక డబ్బా కార్బన్ పేపర్లు.
నెలకోసారి, మిట్టమధ్యాహ్నం,
రాని తుఫానుకి క్రేన్లు కట్టి విప్పారు.
చూసి నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు ఏడు తొమ్మిదయింది.
ఒంగోలు లారీల్ని వెనక్కి తిప్పాను.
కోల్డ్ స్టోరేజి వాడు అర్ధరాత్రి తలుపు తీశాడు,
తిట్టుకుంటూనే,
వేసవిలో పెట్టిన సంతకం గుర్తుండి.
మస్తానమ్మకీ మిగతా నలభైమందికీ
పని ఆగిన రోజులకి సగం కూలి.
కాగితంలో చివరి వరస అది.
మొత్తం కూలి కోసం పోట్లాడాను, సగమే గెలిచాను.

రెండింటికి సూరిబాబు ఫోను.
గాలి, గాలి, గాలి,
మధ్యలో ఒక్క మాట: "కట్టాం."
తర్వాత మూడు రోజులు ఏ మాటా లేదు.

గోడ ఒకచోట కూలింది.
కట్టిన క్రేన్లలోనూ ఒకటి ఒరిగింది.
సూరిబాబు ఇంటికి కప్పు లేదు,
అది ఏ కాగితంలోనూ రాసుకోలేదు మేం.
అయిదో రోజు మధ్యాహ్నం
మొదటి గేటు పాసు వచ్చింది,
కార్బన్ మరకలతో, అతని వంకర చేతిరాతలో.
దరియావలికి ఇచ్చాను.
చదవడం రాదు. వాసన చూశాడు.
"ఉప్పగానే ఉంది" అని
గట్టిగా తుమ్మి
కుర్రాళ్ళ మీద అరిచాడు,
కింద తాలు వెయ్యండ్రా ముందు.